అడిగిన ఏడాదే తెరుచుకుంటుంది

ఆ ఆసుపత్రిలో అందరూ ఆవిడని సర్వరమ్మ అనేవారు. ఉద్యోగం కాగితాల మీద ఏదో పెద్ద హోదానే ఉంది కానీ, అది పలకడానికి ఎవరికీ నోరు తిరగలేదు. వార్డు ఆయాల దగ్గర్నుంచి సూపరింటెండెంటు గారి దాకా ఈ పేరే ఖాయం చేసేశారు. మొదట్లో ఆవిడ ఉడుక్కునేది. ఇంట్లో తోటికోడలు కూడా "ఏం సర్వరమ్మా, కాఫీ తాగుతావా?" అని మొదలుపెట్టేసరికి, ఇక ఉడుక్కుని లాభం లేదని ఊరుకుంది.

ఆవిడ చూసుకునేది పాత రికార్డులు వెతికిపెట్టే సర్వరుని. ముప్పై ఎనిమిదేళ్ళ కేసు షీట్లన్నీ ఫోటోలు తీసి కంప్యూటర్లోకి ఎక్కించి, అసలు కాగితాలని ఊరి చివర గోడౌనులో పడేశారు. ఏ పేరు, ఏ జబ్బు, ఏ మందు ఏ కాగితంలో ఉందో చెప్పే పట్టికని ఇండెక్సు అంటారు. లావుపాటి పుస్తకాల చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే జాబితా ఉంటుంది చూడండి, అలాంటిదే. ఆసుపత్రిలో పదకొండు విభాగాలు, ఒక్కో విభాగానికి ఏడాదికొక ఇండెక్సు. అన్నీ కలిపితే నాలుగు వందల పద్దెనిమిది.

ఈ సర్వరుకి ఒక జబ్బుండేది. ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెడితే, ఆ నాలుగు వందల పద్దెనిమిదినీ ఒక్కొక్కటిగా మోసుకొచ్చి దగ్గర పెట్టుకునేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. సరిగ్గా నలభై రెండు నిమిషాలు. ఈలోగా నిన్న చేరిన రోగి కాగితం అడిగినా సరే, ముప్పై ఏళ్ళ నాటి చర్మవ్యాధుల ఇండెక్సు ఇంకా రాలేదు కాబట్టి ఆగమనేది. తెర మీద ఒక చక్రం గిరగిరా తిరుగుతూ ఉండేది. ఆ చక్రాన్ని చూసి చూసి డాక్టర్లకి సర్వరు మీదా, సర్వరు పేరు మోస్తున్న పాపానికి ఆవిడ మీదా ఒళ్ళు మండేది.

చివరికి ఆసుపత్రే దాని అలవాటుకి తగ్గట్టు తన అలవాట్లు మార్చుకుంది. సర్వరుని ఆపాల్సిన రోజు వస్తోందంటే, రికార్డు రూములో పనిచేసే పెద్దాయన ముందురోజే ఆపరేషన్ల పట్టీ తెచ్చుకునేవాడు. ఒక్కొక్కరి పాత కాగితాలూ అచ్చు తీసి, గుడ్డసంచీలో సర్దుకుని, థియేటరు థియేటరుకీ తిరిగి పంచిపెట్టేవాడు. దానికి 'ముందుమూట' అని పేరు పెట్టుకున్నారు. ఏళ్ళ తరబడి ముందుమూట తు చ తప్పకుండా సాగింది. చెప్పాపెట్టకుండా ఆసుపత్రికి వచ్చేవాళ్ళకి మాత్రం అందులో చోటుండేది కాదు.

సర్వరమ్మ ఈ మోత మాన్పించాలని మూడు నెలలు పోరింది. "అన్నీ ముందే మొయ్యడం ఎందుకండీ? ఎవరు ఏ ఏడాది అడిగితే ఆ ఏడాదే అప్పుడు తెద్దాం. ఒక్కోదానికి ఆరు సెకన్లు పడుతుంది, అంతే" అంది సూపరింటెండెంటు గారితో. ఆయన ఏ విషయాన్నైనా వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకునేదాకా నమ్మని మనిషి.

"ఏడాది తెలియకుండా అడిగితే?"

"అప్పుడు అన్నీ తేవాలి. నలభై రెండు నిమిషాలూ పడుతుంది. కానీ ఎప్పుడు చేరారో రోగులకి తెలుస్తుంది కదండీ."

"రోగులకి ఏం తెలుస్తుందమ్మా? ఎక్కడ నొప్పో అడిగితేనే సరిగ్గా చెప్పరు" అన్నాడాయన. ఆ మాటలో ఎంత నిజముందో ఆవిడకి అప్పుడు తెలియలేదు. మొత్తానికి చెవిలో జోరీగలా వెంటపడి ఒప్పించింది. ఒక మంగళవారం పొద్దున పది గంటలకి ముహూర్తం కుదిరింది.

పది గంటలకి సర్వరు గదిలో ఆవిడ, సూపరింటెండెంటు గారు, సంచీ భుజాన వేసుకున్న పెద్దాయన నిలబడ్డారు. "ఎందుకైనా మంచిదని మూట కట్టాను" అన్నాడు పెద్దాయన, ఆవిడ చూపు గమనించి. ఆవిడ సర్వరుని ఆపింది. మొదలుపెట్టింది. ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టుకుంటూ చేతివేళ్ళు బిగించింది. పదకొండు దగ్గర తెర మీద పచ్చటి గుర్తు వెలిగింది.

"ఏమైంది?" అన్నాడు సూపరింటెండెంటు గారు.

"అయిపోయిందండీ. సిద్ధంగా ఉంది."

ఆయన కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. పచ్చటి గుర్తు అక్కడే ఉంది. పెద్దాయన ముందుకొచ్చి, ఎముకల విభాగంలో పోయినేడాది నాటి తన సొంత మోకాలి కాగితం అడిగాడు. ఆరు సెకన్లలో మోకాలు ప్రత్యక్షమైంది. మళ్ళీ అడిగితే ఈసారి రెప్పపాటులో వచ్చింది. "నా మోకాలి కంటే చురుగ్గా ఉంది తల్లీ" అని ఆయన సంచీ దించి బల్ల మీద పెట్టాడు. సర్వరమ్మకి గాల్లో తేలిపోతున్నట్టనిపించింది. ఆ తేలడం పాతిక నిమిషాలు సాగింది.

పది దాటి ఇరవై అయిదు నిమిషాలకి బావగారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. భర్త అన్నగారు ఆయన. మామూలుగా ఆవిడకి ఫోను చేసే మనిషి కాదు, ఏ కబురైనా తమ్ముడితోనే చెప్పిస్తాడు.

"అమ్మా, కింద ఎమర్జెన్సీలో ఉన్నాం. మీ అక్కకి కడుపునొప్పి. తెల్లవారుజామునే మొదలైందట, నువ్వు బయల్దేరేదాకా ఎవరికీ చెప్పలేదు. మెలికలు తిరిగిపోతోంది. లోపల ఏదో పగిలిందంటున్నారు. ఇప్పుడే ఆపరేషనట." ఆయన గొంతు గొంతులా లేదు. "నువ్వోసారి వస్తావా?"

సర్వరమ్మ మెట్ల మీద పరుగెత్తింది. తోటికోడలు స్ట్రెచరు మీద మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. మొహం పాలిపోయి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పెళ్ళై ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ ఆవిడని ఏడిపించిందీ ఈ మనిషే, ఏడిస్తే కళ్ళు తుడిచిందీ ఈ మనిషే. ఎప్పుడూ ఒక నిమిషం నోరు మూసుకుని ఉండనిది, ఇప్పుడు చెల్లెలి వరసైన సర్వరమ్మ చెయ్యి పట్టుకుని ఊరుకుంది.

మత్తు డాక్టరు పక్కనే నిలబడి ప్రశ్నలడుగుతోంది. పొట్టి మనిషి, గట్టి మనిషి. పాత రికార్డు చూడందే ఎవరికీ మత్తు ఇవ్వదని పేరు.

"ఇంతకుముందు ఆపరేషనేమైనా అయిందా?"

"చిన్నప్పుడు ఈ ఆసుపత్రిలోనే గొంతులో గడ్డలు తీశారట" అన్నాడు బావగారు. "తొమ్మిదేళ్ళప్పుడు. అప్పుడు మత్తు పడక చచ్చి బతికిందని మా అత్తగారు చెబుతుండేవారు. ఆవిడ పోయి ఆరేళ్ళైంది. ఆవిడ ఏం చెప్పినా గోరంతలు కొండంతలు చేసి చెప్పేవారు. మేమెవరం పట్టించుకోలేదు."

"మత్తు పడకపోవడమంటే ఏమిటి? గ్యాసు పడలేదా, సూది పడలేదా?"

బావగారు తెల్లమొహం వేశాడు. తోటికోడలు కళ్ళు మూసుకునే తల అడ్డంగా ఊపింది.

డాక్టరు సర్వరమ్మ వైపు తిరిగింది. "గ్యాసు పడకపోతే సూదితో నడిపిస్తాను. సూది పడకపోతే వేరే దారి ఉంది. ఏది పడదో తెలియకపోతే చీకట్లో చెయ్యి పెట్టినట్టే. అరగంట ఆగగలను. అంతకంటే ఆగితే లోపల పగిలిన చీము ఒళ్ళంతా పాకుతుంది. ఆ రికార్డు మీ సర్వరులో ఉందా?"

"ఉంటుంది. ఇప్పుడే తెస్తాను" అంది సర్వరమ్మ. ఆరు సెకన్లే కదా అనుకుంది.

నర్సుల బల్ల మీది కంప్యూటరు దగ్గర కూర్చుని చెవి ముక్కు గొంతు విభాగం ఎంచుకుంది. తోటికోడలి వయసు ముప్పై ఎనిమిది. తొమ్మిదేళ్ళప్పుడంటే ఇరవై తొమ్మిదేళ్ళ కిందటి ఇండెక్సు. పేరూ, పుట్టింటి ఇంటిపేరూ కొట్టింది. తెర మీద చక్రం ప్రత్యక్షమైంది. ఆరు సెకన్లయ్యాయి. పదయ్యాయి. ముప్పై అయ్యాయి. చక్రం నిమ్మకు నీరెత్తినట్టు తిరుగుతూనే ఉంది.

అప్పటికే వార్డుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఎవరు ఏది అడిగినా రావడం లేదట. సూపరింటెండెంటు గారు ఆయాసపడుతూ వచ్చాడు. "చెప్పానా? నేను ముందే చెప్పానా? పాత పద్ధతే పెట్టెయ్యండి!"

"పాత పద్ధతి పెడితే నలభై రెండు నిమిషాలు పడుతుందండీ. డాక్టరమ్మ అరగంటే ఆగుతానంది."

"మరి ఇప్పుడేం చేస్తారు?"

ఏం చెయ్యాలో తెలిస్తే ఆవిడ అలా కూర్చోదు. తన పట్టుదల వల్ల, తన మూడు నెలల జోరీగతనం వల్ల, అక్క ప్రాణం మీదికి వచ్చిందన్న ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది. పాత సర్వరే ఉండి, ఈ పొద్దున దాన్ని ముట్టుకోకుండా ఉంటే, ఈపాటికి కాగితం చేతిలో ఉండేది. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసి కూర్చోవాల్సిన గతి పగవాళ్ళకి కూడా రాకూడదు.

అయినా, సర్వరు ఈ క్షణాన ఏం మోస్తోందో చూపించే పట్టీ తెరిచింది. కళ్ళ విభాగం, పన్నెండేళ్ళ కిందటిది. కళ్ళ విభాగం, పదమూడేళ్ళ కిందటిది. పద్నాలుగు. పదిహేను. ఒకటి వచ్చి చేరగానే దాని వెనకది బయల్దేరుతోంది. అప్పటికి వందకి పైగా మోసేసింది. ఇంకా మూడు వందలు వరసలో ఉన్నాయి. అక్క ఏడాది ఆ వరసలో ఎక్కడో అట్టడుగున నిలబడి ఉంది.

మంగళవారం పొద్దున్నే పదిహేనేళ్ళ కిందటి కళ్ళ ఆపరేషన్లతో ఎవరికి పని? అదీ ఒక ఏడాది తర్వాత ఒక ఏడాది, క్రమం తప్పకుండా? మనుషులెవరూ అలా వరసగా అడగరు. ఎవరికి కావలసిన ఏడాది వాళ్ళడుగుతారు. ఇది మనిషి అడుగుతున్నది కాదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. హాజరు!

ఆరేళ్ళ కిందట ఒకసారి, ఒక ఏడాది ఇండెక్సు చెప్పకుండా మాయమైపోతే నెల రోజులు ఎవరూ గమనించలేదు. ఆవిడకి అక్షింతలు బాగానే పడ్డాయి. ఇంకెప్పుడూ మాట పడకూడదని, ఒక చిన్న ప్రోగ్రాము రాసింది. గంటకోసారి, గంట దాటిన పావుకి, అది బళ్ళో మేష్టారిలా నాలుగు వందల పద్దెనిమిదినీ వరసగా పిలిచి "ఉన్నావా?" అని అడుగుతుంది. అన్నీ సర్వరు చెంతనే ఉన్న రోజుల్లో, అవి రెప్పపాటులో "ఉన్నాను" అనేవి. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఇప్పుడు ఏదీ చెంతన లేదు. "ఉన్నాను" అని చెప్పడానికి ఒక్కొక్కటీ అంత దూరం నుంచి మోయించుకుని రావాలి! కొత్త పద్ధతిని రెండు నెలలు వేరే కంప్యూటరు మీద పరీక్షించింది కానీ, ఆ కంప్యూటరుకి హాజరు తగిలించనేలేదు. పప్పులో కాలేయడమంటే ఇదే.

"నేనే" అంది పైకి. "అడుగుతున్నది నేనే."

"ఏమిటమ్మా?" అన్నాడు సూపరింటెండెంటు గారు భయపడి.

ఆవిడ కుర్చీ ముందుకి లాక్కుంది. హాజరు ప్రోగ్రాముని తీసి అవతల పారేసింది. కానీ అది పిలిచేసిన పిలుపులు ఇంకా వరసలోనే ఉన్నాయి. వాటిని వదిలించుకోవాలంటే ఒకటే దారి. "సర్వరుని మళ్ళీ ఆపుతున్నానండీ."

"ఆపుతారా? ఇప్పుడా? మళ్ళీ నలభై..."

"పదకొండు సెకన్లండీ" అంది. చెప్పాక గానీ ఆ మాట తన చెవికి ఎంత హాయిగా ఉందో తెలియలేదు. ఈ మాట అనడానికే కదా మూడు నెలలు పోరాడింది! ఆపింది. మొదలుపెట్టింది. ఈసారి లెక్కపెట్టే ఓపిక లేక పచ్చటి గుర్తు వైపే గుడ్లప్పగించి చూసింది. వెలిగింది. పేరు కొట్టింది. ఏడాది కొట్టింది.

ఆరు సెకన్లలో కాగితం వచ్చి ఎదురుగా నిలబడింది.

అదే పేరు, అదే ఇంటిపేరు. తొమ్మిదేళ్ళ అమ్మాయి. గొంతులో గడ్డలు తీశారు. తండ్రి పేరు రాసిన చోట సిరా చెదిరిపోయి మరకైపోయింది. కింద డాక్టరు చేతిరాత: మత్తు బాగా పడింది, ఏ ఇబ్బందీ లేదు, మూడో రోజు ఇంటికి పంపాం.

భుజం మీదుగా చదువుతున్న బావగారు పెద్దగా ఊపిరి వదిలాడు. "చూశావా? ఏమీ లేదు! మా అత్తగారి సంగతి నాకు తెలియదూ? ఈగని ఏనుగు చేసేవారు. పద పద, డాక్టరమ్మకి చూపిద్దాం."

సర్వరమ్మ లేవబోయి ఆగింది. కాగితం సరిగ్గానే ఉంది. ఆవిడ ఏం అడిగిందో అదే తెచ్చింది. కానీ ఒక తల్లి, చచ్చి బతికిందని ఇరవై ఏళ్ళపాటు అదే పనిగా ఎందుకు చెబుతుంది? గోరంత కొండంత అవుతుంది, నిజమే. అక్కడ గోరంతైనా ఏదో ఉండాలి కదా. ఈ కాగితంలో గోరంత కూడా లేదు.

"ఒక్క నిమిషం బావగారూ. మీరిక్కడే ఉండండి" అని స్ట్రెచరు దగ్గరికి పరుగెత్తింది.

"అక్కా, అక్కా, ఇటు చూడు. కాగితం దొరికింది. కానీ అందులో అంతా బాగానే అయిందని ఉంది. నీ గొంతు ఆపరేషను తొమ్మిదేళ్ళప్పుడే కదా?"

తోటికోడలు తలూపింది.

"నీకిప్పుడు ముప్పై ఎనిమిదే కదా?"

అక్క కళ్ళు తెరిచింది. అంత నొప్పిలోనూ ఆ కళ్ళలో ఒక దొంగచూపు కదిలింది. చుట్టూ చూసి, మొగుడు దగ్గర్లో లేడని తేల్చుకుని, చెల్లెలి చెయ్యి పట్టి కిందికి లాగింది.

"నలభై ఒకటి" అంది చెవిలో.

"ఏంటి?"

"నలభై ఒకటే! పెళ్ళిచూపుల్లో అమ్మ మూడేళ్ళు తగ్గించి చెప్పమంది. చెప్పాను. తర్వాత ఎలా పెంచమంటావు?" నొప్పికి పళ్ళు బిగించి, మళ్ళీ అంది. "మీ బావగారితో అన్నావంటే నీ సంగతి..."

మిగతాది వినడానికి సర్వరమ్మ అక్కడ లేదు.

ముప్పై రెండేళ్ళ కిందటిది. అదే విభాగం. అదే పేరు, అదే ఇంటిపేరు. చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఆరు సెకన్లు అంత పొడుగ్గా ఉంటాయని ఆవిడకి ఆ రోజే తెలిసింది. ఆ ఏడాది కాగితాలకి ఫోటోలు తీసిన రోజున ఎవరైనా ఒకటి వదిలేసి ఉంటే? తడిసి చిరిగి ఉంటే? తల్లి చెప్పింది నిజంగానే కట్టుకథైతే?

కాగితం వచ్చింది. పసుపుపచ్చగా, మూల మడత పడి ఉంది. తొమ్మిదేళ్ళ అమ్మాయి. తండ్రి పేరు స్పష్టంగా ఉంది. ఆ పేరు ఆవిడ అక్క పెళ్ళి ఫోటోల వెనక చూసింది. మధ్యలో ఎర్ర సిరాతో గీత గీసి రాసి ఉంది: మత్తుకి ముందు ఇచ్చిన సూది మందు రెండు నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు తెచ్చింది, ఊపిరి బిగుసుకుంది, బీపీ పడిపోయింది, గంటసేపు ప్రయత్నించాక నిలబడింది. ఈ మందు ఈ పాపకి జన్మలో ఇవ్వకూడదు. పక్కనే ఆ మందు పేరు పెద్దక్షరాల్లో ఉంది.

ఆవిడ అచ్చు తీసుకుని పరుగెత్తిన వేగానికి దారిలో ఇద్దరు నర్సులు గోడకి అతుక్కుపోయారు. మత్తు డాక్టరు కాగితం అందుకుని ఒకసారి చదివింది. మళ్ళీ ఒకసారి చదివింది. తర్వాత పక్కనున్న ట్రేలో సిద్ధం చేసిపెట్టిన సిరంజిల్లోంచి ఒకటి తీసి, చెత్తబుట్టలో వేసింది.

"ఇదే మందు" అంది మామూలు గొంతుతో. "మొదట ఇవ్వబోయేది ఇదే."

సర్వరమ్మ పక్కనున్న బల్ల మీద కూలబడింది. అదే పేరున్న ఇంకెవరి పిల్లదో ఆ మొదటి కాగితం తెచ్చి ఇచ్చి ఉంటే! బావగారి మాట విని ఒక్క అడుగు ఇటు వేసి ఉంటే! స్ట్రెచరు థియేటరులోకి వెళ్ళింది. తలుపులు మూసుకున్నాయి. అప్పటికి అరగంటలో ఇంకా నాలుగు నిమిషాలు మిగిలే ఉన్నాయి.

తర్వాతి గంటన్నర బావగారు వరండాలో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. ఒకసారి ఆగి, "అసలు రెండో కాగితం ఎక్కడ దొరికిందమ్మా? మొదటిది కాదని నీకెలా తెలిసింది?" అన్నాడు.

"వేరే ఏడాదిలో ఉంది బావగారూ. కొత్త పద్ధతి కదా, కాస్త అటూ ఇటూ అయింది" అంది ఆవిడ. సర్వరు మీద నింద వెయ్యడం అదే మొదటిసారి. సర్వరు ఏమీ అనుకోలేదు.

ఈలోగా సూపరింటెండెంటు గారు రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. మొదటిసారి, వార్డులన్నిటికీ కాగితాలు చకచకా వస్తున్నాయని చెప్పడానికి. రెండోసారి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోవడానికి. రికార్డు రూము పెద్దాయన ముందుమూట విప్పి, అందులోని కాగితాలని వెనక్కి తీసుకెళ్ళిపోయాడు.

తలుపు తెరుచుకుంది. మత్తు డాక్టరు మాస్కు కిందికి లాగి, "బావుంది. మెలకువ వస్తోంది. పెద్ద గండమే తప్పింది" అంది.

బావగారు అక్కడే కుర్చీలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. సర్వరమ్మ కూడా ఏడ్చింది. బతుకుజీవుడా అనుకుంది. పొద్దుటి నుంచీ గుండెల మీద ఉన్న బండ దిగిపోయి, ఆకలి వేసింది. ఆ ఆకలి కూడా హాయిగానే ఉంది.

సాయంత్రం నాలుగింటికి అక్కని వార్డులోకి తెచ్చారు. మొహంలోకి కాస్త రంగు వచ్చింది. బావగారు మందులు తేవడానికి కిందికి వెళ్ళగానే, అక్క కన్ను సగం తెరిచి, "చెప్పావా?" అంది.

"లేదు. కంప్యూటరుకి ఒక్కదానికే చెప్పాను."

"అది ఎవరికైనా చెబుతుందా?"

"ఏడాది సరిగ్గా అడిగినవాళ్ళకే చెబుతుంది."

అక్క నవ్వబోయి, కుట్లు లాగి, "నవ్వించకే ముండా!" అని మూలిగింది. కిటికీలోంచి వీధి చప్పుడు వినబడుతోంది. ఎవరో నడవాలో ట్రాలీ తోసుకుంటూ వెళ్ళారు.

"అమ్మ చెప్పింది నిజమేనా అయితే?" అంది అక్క ఉన్నట్టుండి. "ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. నాకు సిగ్గుగా ఉండేది. మళ్ళీ మొదలెట్టావా అని కసిరేదాన్ని. మన అత్తారింట్లో అయితే ఆ మాటెత్తొద్దని ఒట్టు వేయించుకున్నాను."

సర్వరమ్మ చీర మడతలోంచి ఆ అచ్చు కాగితం తీసి చేతికిచ్చింది. అక్క దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఎర్ర సిరా రాతంతా నెమ్మదిగా చదివింది. చదివి, కాగితం అడుగున ఆగిపోయింది. అక్కడ ఒక వాక్యం ఉంది: ఈ మందు సంగతి తల్లికి వివరంగా చెప్పాం, ఎక్కడికి వెళ్ళినా డాక్టరుకి చెప్పమన్నాం. దాని కింద నల్లటి వేలిముద్ర, గీతలు గీతలుగా, కాస్త పక్కకి జారి ఉంది.

అక్క ఆ ముద్ర మీద వేలు పెట్టింది.

"వేలిముద్ర వేసింది" అంది. "అమ్మకి సంతకం నేర్పింది నేనే. ఆపరేషనయ్యాక నెలరోజులు బడి మానేసి ఇంట్లో ఉన్నాను. అప్పుడు పలక మీద దిద్దించాను. ఇది అంతకుముందుది."

ఆ తర్వాత ఆవిడ చాలాసేపు ఏడ్చింది. కుట్లు నొప్పి పుడుతున్నా ఆపలేదు, సర్వరమ్మ ఆపమనలేదు. బావగారు మందులతో తిరిగొచ్చి, నొప్పి అనుకుని కంగారుగా నర్సుని పిలవబోయాడు. "నొప్పి కాదండీ" అంది అక్క, కాగితం ఆయనకి అందిస్తూ. "మా అమ్మ చెప్పింది ఇందులో ఉంది. చదవండి. పైన ఏడాదితో, వయసుతో సహా చదవండి."